కంపెనీ వారి పిస్తోలు

"అన్నా, శనివారం పొద్దున్న ఖాళీయేనా? ఒక పిస్తోలు చూడాలి."

గురువారం సాయంత్రం, ఆఫీసు వదిలి కారు తీస్తూ ఉండగా వచ్చిన ఫోను అది. చేసినవాడు మా ప్రాజెక్టులో డేటాబేసు పనులు చూసే కుర్రాడు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం వాళ్ళది. మిలటరీ మాధవరం అంటే మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, ఇంటికొక సిపాయిని పంపిన ఊరు. వీడి ముత్తాత మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేశాడట. తండ్రిగారు సైన్యంలో పాతికేళ్ళు చేసి రిటైరయ్యారు. వచ్చే నెలలో ఆయనకి డెబ్బై నిండుతాయి. భీమరథ శాంతి చేయిస్తున్నారు. దానికి బట్టలూ ఉంగరమూ కాకుండా "నాన్న జన్మలో మరిచిపోలేనిది" ఒకటి పట్టుకెళ్ళాలని మావాడి ఆశ.

దొరికిన వస్తువు మనామాలో, బాబ్ అల్ బహ్రెయిన్ వెనక సందుల్లో ఒక పాత సామాన్ల కొట్లో ఉంది. ఈస్టిండియా కంపెనీ వారి చెకుముకి పిస్తోలు, 1806 నాటిది. ధర 350 దీనార్లు. దీనారుకి 2.65 డాలర్ల లెక్కన సుమారు 930 డాలర్లు, మన రూపాయల్లో ఎనభై వేల దాకా. వాడి కాంట్రాక్టు రెన్యువల్ ఇంకా తేలలేదు. ఊళ్ళో ఇంటి అప్పు ఉంది. ఇవన్నీ నాకు తెలుసు కాబట్టి "ఎందుకురా" అని నోటిదాకా వచ్చింది గానీ, తండ్రి కోసం కొంటానన్నవాణ్ణి ఏమనగలం?

నన్నెందుకు పిలిచాడంటే, ఎం.టెక్.లో నేను చేసిన ప్రాజెక్టు ఫోటోల్లో మార్పులు చేశారా లేదా అని కనిపెట్టే ప్రోగ్రాము. అంటే నకిలీల మీద నాకేదో అధికారం ఉందని వాడి నమ్మకం. నిజానికి నా అర్హత వేరు. ఆరేళ్ళ క్రితం అదే సందులో, 'లండన్ 1857' అని చెక్కిన ఇత్తడి టెలిస్కోపు ఒకటి నలభై దీనార్లు పెట్టి కొన్నాను. నెల తరవాత నాలుగు కొట్ల అవతల సరిగ్గా అలాంటిదే ఇంకొకటి కనిపించింది. అలాంటిదంటే మామూలుగా కాదు, నా దానికి మూతి దగ్గర ఉన్న చిన్న నొక్కు దానికీ అదే చోట ఉంది. అంటే ఆ నొక్కు కూడా అచ్చులోనే పోత పోశారన్నమాట! అప్పటినుంచి నాకు పాత వస్తువుల మీద ప్రేమ తగ్గలేదు గానీ, చదవడం పెరిగింది. ఒకసారి కాలిన పిల్లి అని మీరు నవ్వుకున్నా ఫరవాలేదు.

మేం వెళ్ళేలోపలే మావాడు తన పరిశోధన తాను చేసేశాడు. ఫోనులో ఒక యాప్‌కి నాలుగు ఫోటోలు చూపించాడు. అది క్షణంలో చెప్పేసింది: కంపెనీ సైన్యపు పిస్తోలు, అసలైనదయ్యే అవకాశం ఎక్కువ, విలువ 1500 నుంచి 2500 డాలర్ల మధ్య. ఎందుకో కారణాలు కూడా చెప్పింది. తాళం పలక మీద కిరీటం ఉంది, జీ.ఆర్. అక్షరాలు ఉన్నాయి, 'టవర్' అని ఉంది, కంపెనీ వారి హృదయాకారపు ముద్ర ఉంది, 1806 అని ఉంది. మూడో జార్జి 1760 నుంచి 1820 దాకా రాజు, కాబట్టి అన్నీ సరిపోయాయి.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ యాప్ జవాబే. అది చెప్పినవాటిలో ఒక్క వాక్యం కూడా అబద్ధం కాదు. కానీ అది చూసినవన్నీ అమ్మేవాడు మనకి చూపించడానికి పెట్టినవి. మన భాషలో చెప్పాలంటే, వెబ్ ఫారంలో యూజరు 'నేను అడ్మిన్‌ని' అని రాసిన గడిని చదివి, అవును ఇతను అడ్మినే, అని లోపలికి రానిచ్చినట్టు. కొత్తగా చేరిన కుర్రాడు అలాంటి కోడు రాస్తే రివ్యూలో మనం ఊరుకోం. అదే మనం బజారుకెళ్ళి ముద్ర ఉందా, తేదీ ఉందా అని చూసి పర్సు తీస్తాం.

నకిలీ చేసేవాడు అన్నిటికంటే ముందు నేర్చుకునేది ముద్రే. కాబట్టి అన్నిటికంటే తక్కువ నమ్మవలసిందీ ముద్రే అని నా అభిప్రాయం.

అలాగని ముద్రలు పనికిరానివని కాదు. వాటిని నిజమని చూపడానికి కాక, అబద్ధమని తేల్చడానికి వాడుకోవాలి. ఉదాహరణకి 'టవర్' అనేది తయారీదారు పేరు కాదు. లండన్ టవర్ కోటలో ప్రభుత్వ ఆయుధశాల ఉండేది, అక్కడ తనిఖీ అయిన ప్రభుత్వ ఆయుధం అని దానర్థం. జీ.ఆర్. కిరీటం కూడా రాజుగారి సైన్యానిదే. కంపెనీ సైన్యం రాజుగారిది కాదు, వర్తకులది. దాని సరుకు వేరు, తనిఖీ వేరు, గుర్తు వేరు. హృదయం ఆకారాన్ని నాలుగు గడులు చేసి వీ, ఈ, ఐ, సీ అనే అక్షరాలు పెట్టేవారు (ఆ వీ నిజానికి యూ, యునైటెడ్ అన్నమాటకి). సుమారు 1808 నుంచి ఆ గుర్తు పోయి, కిరీటం పట్టుకుని వెనక కాళ్ళ మీద నిలబడ్డ సింహం వచ్చింది. ఇంకొక సంగతి, 1764 తరవాత చాలాకాలం ప్రభుత్వపు తాళాల మీద తేదీ వేయడం మానేశారు, కంపెనీ తాళాల మీద మాత్రం తయారీదారు పేరూ సంవత్సరమూ వేసేవారు. ఇప్పుడు మా పిస్తోలు చూడండి. రాజుగారి కిరీటం, టవర్, కంపెనీ హృదయం, పైన తేదీ, అన్నీ ఒకే పలక మీద! పెళ్ళి శుభలేఖ మీద ఇద్దరు పెళ్ళికొడుకుల పేర్లు ఉన్నట్టు.

"అన్నా, ఇద్దరూ వాడి ఉండొచ్చు కదా" అన్నాడు మావాడు. మంచి ప్రశ్నే. ఫ్రాన్సుతో యుద్ధం ముదిరినప్పుడు ఆయుధాలు చాలక బ్రిటిషు ప్రభుత్వం కంపెనీ కోసం చేసిన తుపాకులని కొనేసింది. 1797లో కంపెనీ నమూనానే తమ సైన్యానికి తీసుకుంది. 'ఇండియా ప్యాటర్న్' అని దాని పేరు. అందువల్ల రెండు గుర్తులూ ఉన్న ఆయుధాలు అసలు లేవని అనలేం. అదే వీటితో చిక్కు. ప్రతి నియమానికీ ఒక మినహాయింపు ఉంటుంది, ప్రతి అమ్మేవాడూ తన వస్తువు ఆ మినహాయింపే అంటాడు. కాబట్టి ముద్ర దగ్గర అనుమానం పెట్టుకుని ముందుకి వెళ్ళాం.

కొట్టు యజమాని పెద్దమనిషి, మర్యాదస్తుడు. ముందు టీ ఇచ్చాడు, తరవాత కథ చెప్పాడు. బుషెహ్ర్ నుంచి వచ్చిన ఒక పాత వర్తక కుటుంబం ఇంట్లో ఉండేదట, ముత్తాతకి ఎవరో ఇంగ్లీషు దొర ఇచ్చాడట. కథ చరిత్రకి చక్కగా సరిపోతుంది. కంపెనీ వారు 1763లో బుషెహ్ర్‌లో రెసిడెన్సీ పెట్టారు, 1819లో బొంబాయి నుంచి వచ్చిన సైన్యం రస్ అల్ ఖైమా మీద దాడి చేసింది, ఆ రెసిడెన్సీయే 1946లో బహ్రెయిన్‌కి మారింది. కంపెనీ పిస్తోలు గల్ఫులో ఉండటం ఏమాత్రం వింత కాదు. కానీ ఇక్కడ గల్ఫులో ఆయుధాల విషయంలో ఇంగ్లీషువాళ్ళు రాయని కాగితం లేదు. 1898 ఏప్రిల్ 30న అప్పటి పాలకుడు షేక్ ఈసా బిన్ అలీ చేత బహ్రెయిన్‌లోకి ఆయుధాల దిగుమతి, ఎగుమతి నిషేధిస్తూ ఒప్పందం రాయించుకున్నారు. మస్కట్ మీదుగా మక్రాన్ తీరానికీ, అక్కడి నుంచి అఫ్ఘనిస్తానుకీ వెళ్ళే తుపాకుల వ్యాపారం వాళ్ళకి నిద్ర పట్టనివ్వలేదు. ఆ బహ్రెయిన్ ఏజెన్సీ ఫైళ్ళు ఇప్పుడు 2014 నుంచి ఖతార్ డిజిటల్ లైబ్రరీలో ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. నాకు వారాంతం ఖాళీ దొరికితే చేసే పని అదే. (మా ఆవిడ అభిప్రాయం ఇక్కడ రాయను.) కుటుంబం పేరు చెబితే వెతుకుతానన్నాను. పెద్దమనిషి నవ్వి, పేరు చెప్పడం బాగుండదన్నాడు. పేరు లేని కథకి విలువ సున్నా. అది అబద్ధమని నేననడం లేదు, సరిచూడడానికి వీలుకానిది అంటున్నాను. రెండింటికీ తేడా ఉంది, కానీ ధర కట్టేటప్పుడు ఆ తేడా లేదు.

ఇక వస్తువు. నేను తీసుకెళ్ళిన పరికరాలు ఇవి: కంసాలి భూతద్దం, చిన్న టార్చి, సన్నని రాగితీగ ముక్క, వెర్నియర్ కాలిపర్స్. ఇంటర్మీడియట్ ఫిజిక్సు ప్రాక్టికల్స్‌లో 'లీస్టు కౌంటు ఎంత' అని లెక్చరరుగారు ప్రాణం తీసిన వెర్నియరే! ఇన్నేళ్ళకి అక్కరకొచ్చింది.

భూతద్దం కింద హృదయం ముద్ర చూస్తే అక్షరాల అంచులు కరిగిన మైనంలా ఉన్నాయి. అసలు ముద్ర ఉక్కు అచ్చు పెట్టి సుత్తితో కొట్టింది. కొట్టినచోట లోహం పక్కకి జరిగి అంచు తేరుతుంది. ఇసుక అచ్చులో పోత పోసినదైతే అంచు మెత్తబడి, గుంటలు పడుతుంది. ఇంకొకటి, ముద్ర చుట్టూ ఉన్న ఇనుము ఇరవై చోట్ల తుప్పు తిని గుంటలు పడి ఉంది, కానీ 1806 అంకెలు మాత్రం నిన్న చెక్కినంత పదునుగా ఉన్నాయి. తుప్పుకి చదువు రాదు, అంకెలని వదిలిపెట్టి పక్కన తినదు. చెయ్యి పట్టేచోట కర్ర అరగాలి, అక్కడ అరగలేదు. ఎవరి చెయ్యీ తగలని మూల, ట్రిగ్గరు కాపు వెనకాల, నల్లగా 'పాతబడి' ఉంది. కొత్త వస్తువుని పాత చెయ్యడానికి ఆమ్లం పూస్తారు. అది అన్నిచోట్లా ఒకేలా పనిచేస్తుంది. మనిషి వాడకం అలా ఉండదు, కుడిచేతి వాటం ఉన్నవాడి అరుగుదల ఒక పక్కకే ఉంటుంది.

తాళం పలకని పట్టి ఉంచే స్క్రూ ఒకటి విప్పనిస్తారా అని అడిగాను. విప్పనివ్వకపోతే అదీ ఒక సమాధానమే అనుకున్నాను, కానీ ఆయన తానే స్క్రూడ్రైవరు ఇచ్చాడు. ఆ మాటకి నాకు ఆయన మీద గౌరవం పెరిగింది, ఆయన కూడా దాన్ని నమ్మే కొన్నాడేమో. స్క్రూ చేతికి వచ్చింది. దాని మర (మీకు తెలిసిన థ్రెడ్డు కాదు, అసలు థ్రెడ్డు) కొలిచాను. లావు 5 మిల్లీమీటర్లకి వెంట్రుకవాసి తక్కువ. పది మరలకి సరిగ్గా 8 మిల్లీమీటర్లు. అంటే మరకి 0.8. మీలో మెకానికల్ చదివి సాఫ్టువేరుకి దూకినవాళ్ళు ఈపాటికి నవ్వి ఉంటారు. అది ఎం5 మెట్రిక్ స్క్రూ, హార్డువేరు కొట్లో డజన్లలో దొరికేది. ఇంగ్లండులో మరలకి ఒక కొలత అంటూ ఉండాలని జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిందే 1841లో, అదీ అంగుళాల్లో. అంతకుముందు ఏ పనివాడి స్క్రూ వాడిదే, ఒక పిస్తోలుది ఇంకొక పిస్తోలుకి పట్టదు.

అయినా ఒక్క స్క్రూ మీద తీర్పు చెప్పకూడదు. రెండొందల ఏళ్ళలో ఎవరో ఒకరు స్క్రూ పారేసుకుని కొత్తది బిగించి ఉండవచ్చు. పలక తీసి లోపల చూస్తే నాలుగూ అదే జాతి. ఇది మరమ్మతు కాదు, పుట్టుకే.

చివరిగా రాగితీగ. చెకుముకి తుపాకీలో పక్కన పళ్ళెంలాంటి దాంట్లో కొంచెం మందు పోస్తారు, రాయి ఉక్కుని కొడితే నిప్పు రవ్వ పడి అది అంటుకుంటుంది, ఆ మంట ఒక సన్నని రంధ్రం గుండా గొట్టంలోకి వెళ్ళి లోపలి మందుని అంటిస్తుంది. ఆ రంధ్రంలో తీగ పెడితే రెండు మిల్లీమీటర్లు వెళ్ళి ఆగిపోయింది. మట్టి పూడిందేమోనని టార్చి వేసి చూశాం. పూడడం కాదు, అసలు తొలవలేదు. మన దేశంలోనే ఇలాంటివి బొమ్మలుగా, నాటకాలకీ, యుద్ధ ప్రదర్శనలకీ తయారుచేసి ఎగుమతి చేస్తారు. రంధ్రం తొలవకపోతే అది తుపాకీ లెక్కలోకి రాదు కాబట్టి పంపడం సులువు. అందులో తప్పేమీ లేదు, బొమ్మని బొమ్మగానే అమ్ముతారు. ఆ తరవాత దారిలో ఎవరో దానికి ఆమ్లం పూసి, తేదీ చెక్కి, వయసు పెంచుతారు. మా పిస్తోలు పళ్ళెం చుట్టూ ఎంతో శ్రద్ధగా మసి పూశారు. ఏనాడూ పేలలేని తుపాకీకి పేలిన మసి!

దర్రా ఆదంఖేల్ గురించి మీరు వినే ఉంటారు. పెషావరు దగ్గర ఊరు, చేతితో తుపాకులు చేసే ఊరు. ఆ ప్రాంతపు నకళ్ళతో ఒక వినోదం ఉంది. ఇంగ్లీషు చదవడం రాని పనివాడు అక్షరాన్ని బొమ్మగా చూసి చెక్కుతాడు, కాబట్టి ఎన్ అక్షరం తిరగబడుతుంది. విక్టోరియా రాణి గుర్తు వీ.ఆర్. వేసి కింద 1919 అని వేసిన తుపాకులు కూడా ఉన్నాయి. ఆవిడ 1901 జనవరిలోనే పోయింది. కానీ ఆ పనివాళ్ళ తుపాకులు పేలతాయి. మా పిస్తోలు కంటే అవే నిజాయితీగల వస్తువులని నా ఉద్దేశం. ఇప్పుడు 'ఖైబర్ నకలు' అనే పేరుతోనే వాటిని ఏరి కొనేవాళ్ళున్నారు.

విలువ మాటకొస్తే, చాలామంది కలిపేసే మూడు ప్రశ్నలున్నాయి. ఇది పాతదా? ఇది తాను చెప్పుకుంటున్నదేనా? దీనికి ఎవరైనా ఎంతిస్తారు? మూడింటికీ మూడు జవాబులు. నిజమైన కంపెనీ పిస్తోలు, మామూలు సిపాయిది, మంచి స్థితిలో ఉన్నా ఇంగ్లండు వేలంలో వెయ్యి పౌండ్లకి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. లక్షల్లో పలుకుతుందనేది మన భ్రమ. ఇంటర్నెట్లో కనిపించేవి అడిగిన ధరలు, అమ్ముడైన ధరలు కావు. ఏడాదిగా అమ్ముడుపోకుండా పడి ఉన్న వస్తువు ధరే ఏడాదంతా కనిపిస్తుంది. అమ్ముడైనది మర్నాడే మాయమవుతుంది. ఆ యాప్ చదువుకున్న బడి అదేనని నా అనుమానం.

ధర ఎక్కడ లేస్తుందో చూడాలంటే ఈ రెండు రివాల్వర్లు చూడండి. 1873 జులై 10న బ్రస్సెల్స్‌లో కవి వెర్లేన్ తన మిత్రుడు రాంబోని కాల్చాడు. మణికట్టుకి తగిలింది. ఆ రివాల్వరు 7 మి.మీ. లెఫొషో, అప్పట్లో జేబులో పెట్టుకు తిరిగే చవక రకం. 2016 నవంబరులో పారిస్‌లో వేలం వేస్తే 4,34,500 యూరోలు పలికింది. మూడేళ్ళ తరవాత, 2019 జూన్‌లో, అదే పారిస్‌లో అదే 7 మి.మీ. లెఫొషో ఇంకొకటి వేలానికొచ్చింది. చిత్రకారుడు వాన్‌గో తనని తాను కాల్చుకున్నది ఇదేనేమో అన్నారు. 1960ల్లో ఒక రైతుకి పొలంలో దొరికింది, తుప్పు ముద్ద. అది 1,62,500 యూరోలు. పేరు చూస్తే వాన్‌గో పేరే పెద్దది. మరి ధర తక్కువెందుకు? మొదటిదానికి వెనక పోలీసులున్నారు, కోర్టు కేసుంది, తుపాకీ అమ్మిన దుకాణం పుస్తకం, అందులో నంబరు ఉన్నాయి. రెండోదానికి చోటు సరిపోయింది, కాలం సరిపోయింది, అంతే. ఆ 'అంతే'కి పడిన కోత చూశారుగా. వస్తువు ఒకటే, లాగ్ ఫైలు తేడా.

మనవాళ్ళ ఉదాహరణే కావాలంటే అల్లూరి సీతారామరాజు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడులు చేసి తుపాకులు తీసుకున్నప్పుడు, ఏమేం తీసుకున్నదీ స్టేషను డైరీలో రాసి వెళ్ళాడు. రేపు ఎవరైనా మన్యంలో ఒక పాత తుపాకీ చూపించి రాజుగారిదంటే, ఆయనే సమాధానం రాసిపెట్టి వెళ్ళాడన్నమాట. అదే టిప్పు సుల్తాను పేరు చూడండి, కత్తి అనగానే టిప్పుదే! 2023 మేలో లండన్‌లో ఆయన పడకగది ఖడ్గం 1.4 కోట్ల పౌండ్లు పలికింది, 1799 మే 4 నాటి శ్రీరంగపట్నం పతనం తరవాత జనరల్ బెయిర్డ్‌కి ఇచ్చినదని దానికి చరిత్ర ఉంది. అప్పటినుంచి ప్రతి పాత సామాన్ల కొట్లోనూ ఒక టిప్పు కత్తి పుట్టింది. టిప్పు తన సొంత మౌలూది శకం పెట్టుకుని అంకెలని కుడినుంచి ఎడమకి రాయించాడని ఆయన నాణేలు చూసినవాళ్ళకి తెలుసు. ఆ సంగతి తెలియని నకలుదారు మామూలుగా రాసేస్తాడు. తెలిసిన నకలుదారు త్వరలోనే వస్తాడు లెండి.

ఆ చివరి మాట పరిహాసానికి కాదు. జర్మను లూగర్ పిస్తోలు సేకరించేవాళ్ళు భాగాల నంబర్లన్నీ కలవాలంటారు. ఫ్యాక్టరీలో చిన్న చిన్న భాగాల మీద కూడా సీరియల్ నంబరులోని చివరి రెండంకెలు కొట్టేవారు. అన్నీ కలిస్తే ధర చాలా ఎక్కువ, ఒకటి కలవకపోతే తక్కువ. వినడానికి చెక్‌సమ్‌లా ఎంత బాగుంది! కానీ చెక్‌సమ్‌కి డబ్బు కట్టడం మొదలుపెట్టాక ఏమవుతుంది? పాత అంకెలు ఆకురాయితో గీకేసి కొత్తవి కొడతారు. ఇప్పుడు కొనేవాళ్ళు నంబరు కలిసిందా అని కాక, నంబరు కింద లోహం పల్చబడిందా అని చూస్తున్నారు. మన బోనసుకి ముడిపెట్టిన ప్రతి కొలతకీ ఏ గతి పట్టిందో మీకు వేరే చెప్పాలా?

చట్టం గురించి ఒక్క ముక్క, ఎందుకంటే మావాడు దీన్ని సూట్‌కేసులో పెట్టి హైదరాబాదు తీసుకెళ్ళే ఆలోచనలో ఉన్నాడు. అమెరికాలో ఉన్నవాళ్ళకి అలవాటైన లెక్క 1898, ఆ ఏడాదిలో గాని అంతకుముందు గాని తయారైతే అక్కడి 1968 చట్టం ప్రకారం అది పురాతన వస్తువు. అది అక్కడి లెక్క. మన 1959 ఆయుధాల చట్టంలో ఆ గీత లేదు. పాతదై, మరమ్మతు చేసినా పేలదు అన్నదానికే మినహాయింపు. పేలదని కస్టమ్స్ కౌంటరు దగ్గర రాత్రి రెండింటికి ఎవరు నిరూపించాలి? ఇక్కడ కూడా ఆయుధం కొనాలన్నా దేశం దాటించాలన్నా ముందు అధికారుల అనుమతి అడగాలి. బొమ్మదైనా సరే, విమానంలో చేతిసంచీలో దొరికితే దాని చరిత్ర వినే ఓపిక ఎవరికీ ఉండదు. ఇక మన దేశంలోంచి వందేళ్ళు దాటిన వస్తువు బయటికి తేవడం 1972 చట్టం ప్రకారం మామూలు మనుషులకి కుదరనే కుదరదు. ఇంట్లో తాతగారి వస్తువు ఏదైనా ఉంటే, సెలవుల్లో వెళ్ళి తెచ్చేసుకుందామనుకునేవాళ్ళు గమనించండి.

అన్నట్టు, ఆ వస్తువులని దయచేసి తోమకండి. మనకి ఇత్తడి కనపడితే చింతపండు, వెండి కనపడితే విభూది. పాతదనాన్ని తోమేస్తే సేకర్తల లెక్కలో సగం విలువ ఆ నీళ్ళతోనే పోతుంది. నకిలీవాడు నెల్లాళ్ళు కష్టపడి పూసేది మనం పది నిమిషాల్లో కడిగేస్తాం.

బయటికొచ్చి ఒక చాయ్ కొట్టు దగ్గర కూర్చున్నాం. మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "అన్నా, నకిలీ అయితే అయింది. వంద దీనార్లకి అడుగుదాం. గోడకి పెడితే నాన్నకి ఏం తెలుస్తుంది?" అన్నాడు.

ఇది తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. ఆనందమే ముఖ్యమైతే, తెలియని అబద్ధం ఎవరికి నష్టం? నేను కూడా నా టెలిస్కోపుని ఇంకా పారెయ్యలేదు, హాల్లో అలాగే ఉంది. కానీ దాన్ని చూసినవాళ్ళకి 1857 అని నేను చెప్పను. మావాడు చెప్పబోయేది అది కాదు. ముత్తాత పనిచేసిన సైన్యం వస్తువు అని చెప్పి ఆ పెద్దాయన చేతిలో పెడతాడు, ఆయన ఊళ్ళో వాళ్ళందరికీ చూపిస్తారు. అప్పుడు అబద్ధం ఆడేది కొట్టు యజమాని కాదు, ఈయన, తనకి తెలియకుండా.

"మీ నాన్నగారు సైన్యంలో ఏ విభాగం?" అని అడిగాను.

"ఈ.ఎం.ఈ. అన్నా. రైఫిళ్ళ రిపేరు."

నేను వాడి మొహంలోకి చూశాను. వాడు నా మొహంలోకి చూశాడు. పాతికేళ్ళు తుపాకుల స్క్రూలు విప్పిన మనిషికి ఎం5 స్క్రూ గోడకి పెట్టి చూపించబోయామన్నమాట. ఇద్దరం ఒకేసారి నవ్వాం. పక్క బల్ల వాళ్ళు తిరిగి చూశారు.

తరవాత నాకు ఒక అనుమానం వచ్చి అడిగాను. మొదటి యుద్ధంలో పనిచేసినవాళ్ళకి వెండి పతకం ఇచ్చేవారు. ఒక పక్క రాజు తల, అంచు చుట్టూ ఆ సిపాయి నంబరు, హోదా, పేరు, దళం కొట్టి ఉండేవి. పేరుతో సహా! లక్షల పతకాలకి అంచు మీద ఒక్కొక్కరి పేరు. బజారులో మామూలుగా దానికి పెద్ద ధర ఉండదు. "మీ ఇంట్లో అలాంటిదేమైనా ఉందా?"

"దేవుడి గదిలో ఏదో బిళ్ళ ఒకటి ఉంటుంది. దసరాకి ఆయుధపూజలో పెడతారు."

వీడియో కాల్ చేశాడు. మాధవరంలో అప్పటికి మధ్యాహ్నం దాటింది. పెద్దాయన కళ్ళజోడు వెతుక్కుని, బిళ్ళ తెచ్చి, కెమెరాకి మరీ దగ్గరగా పెట్టారు, ఏమీ కనపడలేదు. "కొంచెం వెనక్కి నాన్నా, అంచు తిప్పండి, కిటికీ వైపు" అని వీడు. అంచు తిరిగింది. ముందు నాలుగంకెలు. తరవాత 'సిపాయి'. తరవాత ముత్తాత పేరు, ఏ ఇంగ్లీషు గుమాస్తా విన్నాడో గానీ స్పెల్లింగు అష్టవంకరలు తిరిగి ఉంది. దాని పక్కన దళం పేరు ఉండాలి, సగం అరిగిపోయింది. పెద్దాయన గోటితో తడిమి చూస్తున్నారు.

"ఇక్కడ ఏముందో కనపడటం లేదురా. మీ అమ్మ ప్రతి దసరాకీ విభూది పెట్టి తోముతుంది."

వెనకనుంచి ఆవిడ గొంతు వినపడింది, నల్లగా ఉంటే దేవుడి దగ్గర ఎలా పెడతారండీ అని.